నీళ్లు అందాయని ఎవరు చెప్పాలి?

పదవీ విరమణ చేసిన అధ్యాపకుణ్ణి చూడడానికి వచ్చే పాత విద్యార్థులు మామూలుగా రెండు ప్రశ్నలు వేస్తారు. ఆరోగ్యం ఎలా ఉంది సార్? మీ పరిశోధనల్లో మీకు బాగా నచ్చింది ఏది సార్? మొదటిదానికి బీపీ మాత్ర పేరు చెబుతాను. రెండోదానికి, అచ్చు కాకముందే వెనక్కి తీసుకున్న పేపర్ అంటాను. ముసలాయన చమత్కారం అనుకుని వాళ్లు నవ్వుతారు, టీ తాగి వెళ్లిపోతారు. నేను చమత్కారానికి చెప్పడం లేదు. ఇప్పుడు కొత్తగా ఈ రంగంలోకి వస్తున్నవాళ్లు నవ్వకుండా వింటారన్న ఆశతో దాని సంగతి రాస్తున్నాను.

నిజామాబాద్‌లో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ నెట్‌వర్కులు పాఠం చెప్పాను. సెలవు రోజుల్లో నాది ఇంకో పని. ఊళ్లలో సభలు పెట్టి, చేతిలోంచి విభూతి రాల్చడం, నాలుక మీద కర్పూరం వెలిగించడం లాంటి విద్యలు చేసి చూపి, వాటి వెనక ఉన్న కిటుకు విప్పి చెప్పేవాణ్ణి. వేదిక మీద ఎదుటివాడు నోరెత్తకముందే అతని వాదం ఏమిటో నాకు తెలిసిపోయేది. తెలిసిపోయిందనుకునేవాణ్ణి. ఈ రెండు పనులూ ఒకదానికొకటి తోడని నా నమ్మకం. ఒకచోట యంత్రాలు ఎలా మాట్లాడుకుంటాయో చెప్పడం, ఇంకోచోట మనుషులు ఎలా మోసపోతారో చెప్పడం. ఆ రెండూ నా మీదికే ఒకేసారి తిరగబడిన రోజు ఒకటి వచ్చింది.

బోధన్ వైపు కాలువ కింద ఒక పాత సమస్య ఉంది. తల దగ్గర ఉన్నవాడికి చెరుకు తడిపేంత నీళ్లు వస్తాయి. చివర ఉన్నవాడికి వరి ఎండేంత నీళ్లు వస్తాయి. నీళ్లు వంతుల వారీగా వదులుతారు. ఏ ఉపకాలువకు ఎప్పుడు వదలాలో ఇంజినీరు కాగితం మీద రాస్తాడు, షట్టర్ ఎత్తేవాడు, దించేవాడు లష్కర్. నీళ్లు నిజంగా చివరిదాకా పోయాయో లేదో ఆ కాగితానికి తెలియదు. మా పరిశోధన ఇక్కడే మొదలైంది.

ఎడపల్లి దాటాక ఒక ఉపకాలువను ఎంచుకున్నాం. తల దగ్గర ఒక షట్టర్, అక్కడినుంచి చివరి పొలం దాకా పదకొండు కల్వర్టులు. దారి పొడుగునా ఆరు చోట్ల చిన్న పెట్టెలు బిగించాం. పెట్టె కింద నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో కొలుస్తుంది, ఆ సంగతి రేడియోలో పక్క పెట్టెకు చెబుతుంది, అది తన పక్కదానికి చెబుతుంది. అలా చేతులు మారుతూ కబురు మా కాలేజీ గదిలోని కంప్యూటర్‌కు చేరుతుంది. స్క్రీన్ మీద ఉపకాలువ బొమ్మ ఉంటుంది, దానిలో ఆరు గడులు. నీళ్లు నిండుగా ఉన్న గడి ఆకుపచ్చ, ఎండిన గడి ఎరుపు. ఆరూ ఆకుపచ్చ అయితే లష్కర్ ఫోన్‌కు "అందింది" అని మెసేజ్ పోతుంది. అతను షట్టర్ దించుతాడు. ఇంతే మా వ్యవస్థ. దీన్ని పేపర్‌లో పద్నాలుగు పేజీల్లో చెప్పాం.

ఆ పని చేసింది ముఖ్యంగా నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి. మోస్రా దగ్గర రైతు కుటుంబం. పొద్దున బస్సెక్కి కాలేజీకి వచ్చి, సోల్డరింగ్ దగ్గర్నుంచి ప్రోగ్రాం దాకా తానే చేసుకునేది. అంత ఓపికగా తప్పులు వెతికే మనిషిని నా సర్వీసులో ఇంకొకరిని చూడలేదు. ప్రోగ్రాం బాగా నడిచిన రోజే ఆమెకు అనుమానం ఎక్కువ. "ఇంత మంచిగ ఎందుకు నడుస్తుంది సార్?" అనేది.

పెట్టెలు ఎక్కడ బిగించాలో చూడడానికి మొదటిసారి కాలువ మీదికి పోయినప్పుడు లష్కర్‌ను కలిశాం. నా వయసు మనిషి, సన్నగా ఉంటాడు. సైకిలు కడ్డీకి షట్టర్ తిప్పే ఇనుప రాడ్ కట్టి ఉంది. మేం చూస్తుండగానే మెట్ల దగ్గర చెప్పులు విడిచి కిందికి దిగాడు. రాడ్ తగిలించి షట్టర్ ఎత్తాడు. తర్వాత గట్టు మీది చెరుకు తోటలోంచి ఒక పచ్చి ఆకు తుంపి, ఏదో గొణుక్కుంటూ దానికి వరుసగా ముడులు వేశాడు. వంగి దాన్ని నీళ్ల మీద పెట్టి, అది వంపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు.

చెప్పులు విడవడం, గొణగడం, ముడులు, నీళ్లలో ఆకు. నాకు ఇంకేం కావాలి? సభ దానంతట అదే నా ముందుకు వచ్చింది.

"ఏం పెద్దాయనా, గంగమ్మకు మొక్కుబడా?" అన్నాను.

అతను పైకి చూసి నవ్వాడు. "గట్లనే అనుకోండ్రి సారు."

కల్వర్టు గోడ మీద కూర్చుని అతనికి పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. నీళ్లు మొక్కులకు కదలవని, వాలుకు కదులుతాయని చెప్పాను. తరతరాలుగా చేస్తున్నంత మాత్రాన ఏ పనీ నిజం అయిపోదని చెప్పాను. ఇక్కడ మేం బిగించబోయే పెట్టె ఏ దేవుణ్ణీ తలుచుకోదు, అయినా నిజమే చెబుతుందని కూడా చెప్పాను. ఈ చివరి మాట ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

"నిజమే సారు," అన్నాడు లష్కర్, తల ఊపుతూ. తన రాడ్ తుడుచుకున్నాడు.

తిరిగి వస్తున్నప్పుడు అమ్మాయి, "సార్, ఆ ఆకు ఎందుకు వేస్తుండో కాకను ఒకసారి అడుగుదామా?" అంది.

"మనకు అంత టైం లేదు," అన్నాను.

తర్వాత ప్రాజెక్టు నియమాల్లో ఒకటి నా చేత్తో రాశాను: కాలువలో ఎవరూ ఏ వస్తువూ వేయరాదు, పెట్టెల కొలతకు అడ్డం. ఇంజినీరు దాని కింద సంతకం పెట్టాడు. లష్కర్ ఆకు వేయడం మానేశాడు. ఊరూరా తిరిగి ఇన్ని సభలు పెట్టినా ఒక్క మనిషి కూడా నా మాట విని అంత తేలిగ్గా అలవాటు మానుకోలేదు. ఆ సాయంత్రం ఇంట్లో గర్వంగా చెప్పుకున్నాను.

మీకు తెలియాల్సిన రెండో తప్పు కాలేజీ గదిలో జరిగింది.

పెట్టె మాట్లాడకపోతే ఏం చేయాలి? బ్యాటరీ అయిపోవచ్చు, రేడియో అందకపోవచ్చు. అమ్మాయి అలాంటి గడికి బూడిద రంగు పెట్టి, మధ్యలో "తెలియదు" అని రాసింది. మా ప్రాజెక్టును చూసే పరిశీలన కమిటీ రావడానికి ఇంకా నెల ఉంది. నేను స్క్రీన్ చూసి పెదవి విరిచాను.

"కమిటీ ముందు ఈ బూడిద గడులేమిటి? మన సిస్టం పనిచేయట్లేదనుకుంటారు. పక్క పెట్టె కొలతను బట్టి అంచనా కట్టి నింపు."

"నింపుత సార్. కానీ అంచనాకు వేరే రంగు పెడుదాం. పసుపు పెడుదామా?"

"పసుపు పెడితే పసుపు గురించి అడుగుతారు. ఆకుపచ్చే ఉండనీ."

ఆమె కుర్చీ నా వైపు తిప్పింది. "సార్, మొదటి నెల పాఠంల మీరే చెప్పిండ్రు. నడుమల ఉన్నోళ్లు ఎంత మంచిగ పనిచేసినా, అందిందో లేదో చెప్పాల్సింది ఆఖరున ఉన్నోళ్లే అని."

"అది సిద్ధాంతం. ఇది డెమో," అన్నాను.

ఆమె రంగు మార్చింది. ఆ పాఠం నేను ప్రతి ఏడాదీ చెప్పాను. పరీక్షలో ప్రశ్నగా ఇచ్చి, సరిగా రాయనివాళ్లకు మార్కులు కోశాను. మా రంగం మొత్తంలో నాకు బాగా ఇష్టమైన సంగతి అదే. దారిలో ప్రతి మజిలీ తన తర్వాతి మజిలీకి కబురు అందించి చేతులు దులుపుకోవచ్చు. అయినా ఉత్తరం ఇంటికి చేరిందని చెప్పగలిగేది ఉత్తరం విప్పి చదివిన మనిషే. దారిలోవాళ్ల సాక్ష్యం ఎన్ని పేజీలున్నా దానికి సాటిరాదు. ఇది తెలిసి కూడా, బొమ్మ నిండుగా కనిపించాలని పక్కవాడి సాక్ష్యాన్ని ఆకుపచ్చ రంగులో అచ్చు వేశాను.

యాసంగి ముగింపుకొచ్చింది. ఆరో వంతు, సీజన్‌కు అదే ఆఖరు. కమిటీ కాలేజీకి వచ్చేది మధ్యాహ్నం రెండు గంటలకు. పెద్ద కాలువ అదే రోజు సాయంత్రం ఆరుకు మూసేస్తారు. ఆ తర్వాత చుక్క రాదు. పొద్దున నేను గదిలో స్క్రీన్ ముందు కూర్చున్నాను. ఆరు గడులూ ఒకదాని తర్వాత ఒకటి ఆకుపచ్చ అయ్యాయి. "అందింది" అని మెసేజ్ పోయింది. లష్కర్ షట్టర్ దించాడు. కళ్లు చల్లబడ్డాయి.

అమ్మాయి కమిటీకి చూపడానికి ఫొటోలు తీసుకురావాలని పొద్దున్నే కాలువ చివరికి వెళ్లింది. పదిన్నరకు ఫోన్ చేసింది.

"సార్, స్క్రీన్ మీద ఆరో గడి ఏ రంగుంది?"

"ఆకుపచ్చ. మిగతావన్నీ కూడా."

"నేను ఆఖరి మడిల నిలబడ్డ సార్. కాలు తడవలే."

నేనేమన్నానో రాయాలి. దాచుకుంటే ఇంత రాసి లాభం లేదు. "సరిగ్గా చూడు, నువ్వు వేరే మడిలో ఉన్నావేమో," అన్నాను.

అవతల ఫోన్ చేతులు మారింది. ఒక ఆడమనిషి గొంతు.

"ఏం సారూ, మీ టీవీల నా మడి నిండ నీళ్లున్నయట గదా. గా టీవీనే తెచ్చి ఈడ పెట్టుండ్రి. వరి దాన్ని చూసుకుంట గింజ పోసుకుంటది."

ఆ ఉపకాలువ చిట్టచివర ఎకరన్నర ఆమెది. మనిషిని అప్పటిదాకా చూడలేదు, మా పేపర్‌లో ఆమె ఆరో గడి. వరి పొట్ట మీద ఉందని, వెనకటి వంతులోనూ నీళ్లు రాలేదని, ఈ తడి కూడా తప్పితే కోసేది గడ్డేనని చెప్పింది. అరవలేదు. అరిచి ఉంటే నాకు జవాబు చెప్పడం తేలికయ్యేది.

"వెనకటి వంతుకే రాకపోతే ఎవరికీ చెప్పలేదా?" అన్నాను.

"ఎవలికి చెప్పాలె? లష్కర్ అన్నకు చెప్తే, ఫోన్‌ల అందిందని వచ్చింది చెల్లె, నీళ్లు నడుమల గుంజుకుంటున్నరేమో అన్నడు. నడుమోళ్లను అడిగితే మా దగ్గర నిండుగనే ఉన్నది అన్నరు. అందరి దగ్గర అందింది. నాకొక్కదానికే అందలే."

స్కూటర్ తీశాను. ఎడపల్లి దాటి గట్టు మీదికి చేరేసరికి పన్నెండు కావస్తోంది. మడి పగుళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆరో పెట్టె మీది సౌర పలక దుమ్ము కొట్టుకుపోయి ఉంది. బ్యాటరీ ఎన్నాళ్ల కింద చచ్చిందో అమ్మాయి అప్పటికే చూసింది. వెనకటి వంతుకు ముందే. ఇన్నాళ్లుగా ఆరో గడిలో మాకు కనిపిస్తున్న ఆకుపచ్చ, ఐదో పెట్టె చెప్పిన కొలత.

లష్కర్ సైకిలు మీద వచ్చాడు. మడిని చూశాడు. నా వైపు చూడలేదు.

"షట్టర్ తెరువు, తలకాడి నుంచి చూసుకుంటూ వద్దాం," అన్నాను.

"తెరిస్తే నా మీదికొస్తది సారు. ఫోన్‌ల అందిందని ఉన్నది. అందినంక తెరిస్తే, నీళ్లు ఎవలికో మలిపిండు అంటరు. ఇంజినీరు సారుకు మీరు చెప్పుండ్రి."

ఇంజినీరుకు ఫోన్ చేశాను. మర్యాదస్థుడు. "సార్, నా ముందు స్క్రీన్ ఉంది. అంతా ఆకుపచ్చ ఉంది. మీ సిస్టమే కదా. తప్పని మీరే అంటే నాకు మెసేజ్ పెట్టండి, పైవాళ్లకు చూపించాలి," అన్నాడు.

రెండు గంటలకు కమిటీ. ఆ మెసేజ్ కమిటీ కన్నా ముందే కాలేజీకి చేరుతుందని నాకు తెలుసు. గట్టు మీద నిలబడి ఒక వాక్యం కొట్టాను: మా వ్యవస్థ చెప్పింది తప్పు, చివరి పొలానికి నీళ్లు అందలేదు. పంపేముందు ఒక్క క్షణం ఆగాను. పొద్దున ఫోన్‌లో మాట్లాడిన ఆ రైతు నా చేతిలోని ఫోన్ వైపే చూస్తోంది. పంపాను.

"తెరువు," అన్నాను లష్కర్‌తో.

"తెరిస్తే సరిపోదు సారు. యాడనో బిగుసుకున్నది. ముందుగాల గది చూడాలె. తలకాడ రోగం లేదు, ఆఖరున ఉన్నది. ఆడికెళ్లి చూద్దాం."

నాకు ఆ కాలువ మొత్తం ఒకేలా కనిపిస్తోంది. ప్రతి కల్వర్టుకు అటూ ఇటూ కొద్దో గొప్పో నీళ్లున్నాయి. ఎక్కడ పారుతున్నాయి, ఎక్కడ ఊరికే నిలబడ్డాయి అన్నది చూపుకు అందడం లేదు. మా పెట్టెలకూ అందలేదు. అవి ఎత్తు కొలుస్తాయి, నడక కొలవవు.

లష్కర్ ఒక చెరుకు ఆకు తుంపాడు. నా మొహం చూసి ఆగాడు. "వెయ్యొచ్చునా సారు? రూలు ఉన్నది గదా."

ఎగతాళి లేదు ఆ గొంతులో. నిజంగానే అనుమతి అడుగుతున్నాడు. అది ఇంకా కష్టంగా ఉంది. తల ఊపాను.

పదకొండో కల్వర్టుకు ఎగువపక్క ఆకు వేశాడు. అమ్మాయి దిగువపక్క నిలబడి లెక్కపెట్టింది. ఎనిమిది అనేలోపు ఆకు బయటికొచ్చింది, పైమడుల మురుగేదో సన్నగా పారుతున్నట్టుంది. పదో కల్వర్టు దగ్గరికి నడిచాం. ఎగువపక్క నీళ్లు గట్టు అంచుదాకా ఉన్నాయి, కాలువ మొత్తంలో అంత నిండుగా ఎక్కడా లేవు. ఆకు పైపులోకి పోయింది. అమ్మాయి వంద దాకా లెక్కపెట్టింది. రాలేదు.

"గిదే," అన్నాడు లష్కర్.

ఆ పక్క పొలం కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబానిది. చెరుకు కొట్టి చాలా రోజులైంది. రైతు మమ్మల్ని చూసి వచ్చాడు. "మా దగ్గర కాలవ నిండుగానే ఉందండీ. రోజూ చూస్తానే ఉన్నాను," అన్నాడు.

"అందుకేనండీ చివర లేవు," అంది అమ్మాయి.

కొట్టిన చెరుకు ఆకు గట్టు మీది నుంచి జారి, పైపులో చేరి దిమ్మెలా బిగుసుకుంది. పైనుంచి వచ్చే నీళ్లు దాని వెనక నిలబడి ఎత్తు పెరిగాయి. ఆ ఎత్తు వెనక్కి తొమ్మిదో కల్వర్టు దాకా పాకింది. మా ఐదో పెట్టె ఉన్నది అక్కడే. అది నిజమే చెప్పింది, తన దగ్గర నీళ్లు నిండుగా ఉన్నాయని. ఆ నిజాన్ని తీసుకెళ్లి ఆరో గడిలో పెట్టింది నేను. దారి ఎంతగా మూసుకుపోతే నా స్క్రీన్ అంత ఆకుపచ్చ.

రైతు పైపులోకి వంగి చూశాడు. "ఇది మా తోట చెత్తేనండీ. తప్పు మాదే," అని పంచె ఎగ్గట్టాడు. లష్కర్, ఆయన, నేను దిగాం. నేను దిగింది సాయానికి కాదు, గట్టు మీద నిలబడలేక. నా చేతికి వచ్చింది రెండు గుప్పిళ్లు. వాళ్లిద్దరూ కొక్కెం కర్రతో లాగితే దిమ్మె విరిగి అవతలికి తన్నుకుపోయింది. నీళ్లు పైపులో గొంతు సవరించుకున్నట్టు చప్పుడు చేసి పరుగెత్తాయి.

లష్కర్ తల దగ్గరికి సైకిలు తొక్కుకుంటూ పోయి షట్టర్ ఎత్తాడు. నా ఫోన్ మోగుతూనే ఉంది. కాలేజీ నుంచి. రెండు గంటలు దాటింది. ఎత్తి, వస్తున్నానని కాదు, రావడం లేదని చెప్పాను.

మేం చివరి మడి దగ్గర కూర్చున్నాం. ఆ మడి రైతు సద్ది విప్పి మాకు కూడా పెట్టింది. అడగకుండానే, తిట్టకుండానే. జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు. అప్పుడు అమ్మాయి, నేను అడగాల్సిన మాట ఆమెను అడిగింది.

"అక్కా, కాక ఆ ఆకు ఎందుకు వేస్తుండె?"

"నాకు కబురు గదా," అందామె, ఇదేం ప్రశ్న అన్నట్టు. "నా కాలువల పైమడుల మురుగు వస్తది, వాన పడితే వాన నీళ్లు వస్తయి. గా నీళ్లు జూసి వంతు వచ్చిందనుకుంటే మునిగినట్టే. అన్న ఆకు వస్తేనే అన్న ఇడిసిన నీళ్లు. ఎన్నో వంతైతే అన్ని ముడులు. పోయిన వంతు ఆకు యాడనో చిక్కుకొని ఇప్పుడొచ్చిందనుకో, ముడులు లెక్కపెడితే తెలుస్తది. ఆకు వచ్చినంక నా మడి తడిసేదాక చూసి మిస్డ్ కాల్ ఇస్త. అప్పుడు అన్న షట్టర్ దించుతడు. అనుకున్న పొద్దుకు కాల్ రాకపోతే సైకిలేసుకొని వెతుక్కుంట వస్తడు. వాళ్ల బాపు నాటినుంచి గిట్లనే. అప్పుడు ఫోన్లు లేవు, మా అత్త గీ గుంజకు ఆకు కడితే ఆయన వచ్చి చూసుకుంటుండె."

అమ్మాయి రొట్టె నమలడం ఆపేసి నా వైపు చూసింది. మేమిద్దరం ఒకే సంగతి ఆలోచిస్తున్నాం. ప్రతి కబురుకూ ఒక వరుస సంఖ్య. పాత కబురు కొత్తదానితో కలవకుండా జాగ్రత్త. అందుకున్నవాళ్ల దగ్గర్నుంచే రసీదు. గడువులోపు రసీదు రాకపోతే మళ్లీ వెతకడం. నేను ఒక సెమిస్టరంతా నల్లబల్ల మీద గీసే బొమ్మ ఆ కాలువ మీద రెండు తరాలుగా నడుస్తోంది. చదువుకున్నవాడొకడు వచ్చి దాన్ని మొక్కుబడి అని నిషేధించాడు.

నాలుగు దాటాక ఆకు వచ్చింది. ఆరు ముడులు. ఆమె దాన్ని తీసి, ముడులు లెక్కపెట్టి గుంజకు తగిలించింది. వెనకాలే నీళ్లు మడిలోకి తిరిగాయి. లష్కర్ కూడా సైకిలు మీద తిరిగొచ్చాడు. అతని ఫోన్ కిచకిచమంది. చూసి జేబులో పెట్టుకున్నాడు. మా వ్యవస్థ "అందింది" అంటోంది. ఎవరూ కదల్లేదు.

నీళ్లు సగం మడి దాకా పాకాయి. ఐదున్నర. నేను ఉండబట్టలేక, "అందినట్టే కదమ్మా, చెప్పొచ్చు కదా," అన్నాను.

ఆమె అవతలి గట్టు వైపు చూస్తూనే జవాబిచ్చింది. "నాకు అందినప్పుడు నేనే చెప్త సారూ. మీరు చెప్పకుండ్రి."

ఆరుకు కాస్త ముందు, నీళ్లు అవతలి గట్టుకు తగిలాక, ఆమె లష్కర్ వైపు తిరిగింది. "ఇగ బంద్ చేసుకో అన్నా." అతను సైకిలెక్కాడు. ఎత్తున్న మూలమడి ఒకటి అప్పటికే చేతులు దాటిపోయింది, దాన్ని నీళ్లు కూడా బతికించలేదు. మిగతాది నిలబడి గింజ పోసుకుంది.

కమిటీ మళ్లీ ఎప్పుడో వచ్చింది. అప్పటికి పేపర్ వెనక్కి తీసుకున్నాను. అమ్మాయి అన్నీ కొత్తగా రాసింది. మాట్లాడని పెట్టె గడి బూడిద రంగు, దాని మధ్య "తెలియదు". చివరి గడిని పెట్టె ఏం చెప్పినా ఆకుపచ్చ చేయదు. ఆ రైతు మిస్డ్ కాల్ వస్తేనే చేస్తుంది. "ఇంత యంత్రాంగం పెట్టి చివరికి ఒక మనిషి మీద ఆధారపడతారా?" అని కమిటీలో ఒకాయన అడిగాడు. "ఆ మనిషి కోసమే కదా సార్ యంత్రాంగం," అంది అమ్మాయి. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను. తర్వాత వచ్చిన పేపర్‌లో ఆమె పేరు ముందుంది, అది న్యాయం.

తాయెత్తులను, విభూతిని ఇప్పటికీ నమ్మను. సభలకు ఇప్పటికీ పోతాను. కానీ ఒక మాట అదనంగా చెబుతాను. ఎండిన మడిలో నిలబడ్డ మనిషి మాట కాదని ఎదుటి స్క్రీన్‌ను నమ్మి, నువ్వు వేరే మడిలో ఉన్నావేమో అన్న హేతువాది ఒకణ్ణి నాకు తెలుసు అని. మూఢనమ్మకం ఏ వస్తువు మీద పెట్టుకున్నాడన్న దాంతో పని లేదు, పరీక్షించడం ఎక్కడ మానేశాడన్నదే చూడాలి. సభలో అందరూ నవ్వుతారు, ఎవరని అడగరు.

తర్వాతి సీజన్ మొదటి వంతుకు నేను ఒక్కణ్ణే కాలువ మీదికి పోయాను. అప్పటికి రిటైరయ్యాను. లష్కర్ మెట్ల దగ్గర చెప్పులు విడిచి దిగాడు. షట్టర్ ఎత్తాడు. గొణుక్కుంటూ ఆకుకు ముడి వేశాడు, మొదటి వంతు కనుక ఒక్కటే. ఆ గొణుగుడు ముడుల లెక్క అని అప్పటికి నాకు తెలుసు. ఒక్క సంగతి మాత్రం మిగిలి ఉంది. ఎంత తెలివైన పద్ధతైనా, కొంత భక్తి కలిసి ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను. అయినా ఈసారి అడిగాను.

"అన్నా, చెప్పులు ఎందుకు విడుస్తవు?"

"పాచి సారు మెట్ల మీద. చెప్పులతోని దిగితే జారుతది. నిరుడు ఇంజినీరు సారు జారి నడుము ఇరగ్గొట్టుకున్నడు."

నాకు నవ్వు ఆగలేదు. అతను కూడా నవ్వాడు. కాసేపయ్యాక అడిగాను. "ఆ రోజు నేను అంతసేపు మాట్లాడినప్పుడు ఈ ఆకు సంగతి ఒక్కమాట చెప్పి ఉంటే అయిపోయేది కదా. ఎందుకు చెప్పలేదు?"

అతను ఆకును నీళ్ల మీద పెట్టి, అది వంపు తిరిగేదాకా చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మీరు అడగలే గదా సారూ. చెప్పుకుంటనే పోయిండ్రు."

నేను చెప్పులు విడిచి, జాగ్రత్తగా మెట్లు దిగి, అతని పక్కన నిలబడ్డాను.